పేరు రావాల్సిన చోట

చేటల బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతుంటే ముందటి గదిల నుంచి ఆయన, "సరళా, గా గడ్డికుప్పల పద్యం ఒకసారి చూసిపెట్టు. రేపు రెండో గంటకు క్లాసున్నది" అన్నడు.

చూసిపెట్టు అంటే చూసుడు కాదు, రాసిపెట్టుడు. పెండ్లయిన తొమ్మిదేండ్లల్ల ఆ మాటకు అర్థం నాకు బాగనే తెలిసింది. మా ఆయన విద్యాసాగర్‌రావు కరీంనగర్‌ల ఒక డిగ్రీ కాలేజీల ఇంగ్లిషు లెక్చరరు. నేను సుత వరంగల్‌ల ఇంగ్లిషు ఎమ్మే చదివిన. ఎనిమిది నెలలు ఆడపిల్లల కాలేజీల పాఠాలు చెప్పిన. సంబంధం కుదిరినప్పుడు నా చదువే వాళ్లకు నచ్చిందని మా బాపు ఎంత మురిసిండో. పెండ్లయిన పదో రోజు మా అత్తమ్మ లీలాబాయి నా చేతికి వంటింటి తాళాలిచ్చుకుంట, ఇంటికి ఇద్దరు సార్లు ఎందుకు, ఒకరు పాఠం చెప్తే ఒకరు పొయ్యి చూసుకోవాలె గదా అన్నది. కోపంగ అనలే. పప్పుల ఉప్పెంత వెయ్యాల్నో చెప్పినట్టు చెప్పింది.

నోట్సు రాసుడు ఎట్ల మొదలైందో నాకే సరిగ్గ యాదికి లేదు. ఒకసారి ఆయనకు జరం వస్తే రాసిచ్చిన. ఇంకోసారి పరీక్ష పేపర్లు దిద్దే పని మీద పడ్డదంటే రాసిచ్చిన. తర్వాత అది గిన్నెలు తోముకున్నట్టు, చీరెలు మడతపెట్టుకున్నట్టు నా పనైపోయింది. వాడిపారేసిన కాగితాల వెనక దిక్కు పెన్సిలుతోని రాస్తే, ఆయన దాన్ని తన నోటుబుక్కుల సిరాతోని ఎక్కిచ్చుకునేటోడు. దసరాకు జమ్మి పెట్టనీకి వచ్చిన పాత స్టూడెంట్లు ఆయన కాళ్లు మొక్కి, సార్, మీ నోట్సుతోనే గట్టెక్కినం అనేటోళ్లు. నేను చాయ తెచ్చి పెడుతుంటే ఆయన నా దిక్కు చూసి కొంచెం నవ్వేటోడు. ఆ నవ్వుకు కొన్నేండ్లు మురిసిన. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గయితది.

ఆ పద్యం రెండు వందల ఏండ్ల కిందటి ఒక ఇంగ్లిషు కవిది. గుర్రపు బండి మీద కొండల నడుమ పోతుంటడు. గుర్రాలు నీళ్లు తాగేదాక బండి దిగి నిలబడితే, వాలు మీద ఒక్కతే ఆడమనిషి ఎండుగడ్డి కుప్ప వేసుకుంట పాట పాడుతుంటది. అది కొండోళ్ల భాష. ఈయనకు ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాకుంటేనే ఇంత చల్లగున్నది, అర్థమైతే ఈ చల్లదనం ఉండదు అనుకుంటడు. గుర్రాలు నీళ్లు తాగుతయి, ఈయన బండెక్కుతడు. పట్నంల మనసు అలిసిపోయినప్పుడల్లా ఆ పాట తనకు ఊట నీళ్ల లెక్క పనికొచ్చింది అని పద్యం ముగిస్తడు. పరీక్షకు ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ప్రకృతి, సంగీతం, జ్ఞాపకం ఈ పద్యంల ఎట్ల కలిసినయో విశదీకరించుము. నేను ప్రతి ఏడాది ఆ మూడింటి కింద మూడు పేజీలు రాసిచ్చేదాన్ని.

ఆ ఏడాది, ఎనభై ఏడుల, ఎందుకో రాయబుద్ధి కాలే. బియ్యం ఏరుకుంటనే పద్యం మొత్తం మనసుల చదువుకున్న. కవి పద్యంల నేను, నాకు, నా అని ఎన్నిసార్లు అన్నడో లెక్కబెట్టిన. పదకొండు. ఆమె ఒక్కసారి గూడ తలెత్తి చూడది. అలిసిందా, ఆకలైతుందా, కుప్ప ఎవరిది, ఆమెదా, ఇంకొకరిదా, ఒక్క ముక్క లేదు. పాట ఆయనకేం చేసిందో ఉన్నది గని ఆమెకేం చేసిందో లేదు. ఇన్నేండ్లు ఈ పద్యం మీద ఇన్ని పేజీలు రాసి, ఈ మాట నాకు ఒక్కసారి గూడ ఎందుకు తట్టలేదు?

అన్నం పెట్టుకుంట ఆయనకు చెప్పిన. ఆయన ముద్ద చేతుల పట్టుకొని ఆగిండు. తెలివైనోడు. ఏది కొత్తదో ఏది పాతదో గుర్తుపట్టుడు బాగ వచ్చు. వినాయక చవితి దాటినంక మా కాలేజీల రెండు రోజుల సదస్సున్నది, బయటి నుంచి ప్రొఫెసర్లు వస్తున్నరు, దీని మీద ఒక వ్యాసం తయారు చెయ్యి, మన దిక్కు నాట్ల పాటలతోని పోల్చి రాస్తే ఇంకా బాగుంటది అన్నడు. కాసేపాగి ఇంకో మాట అన్నడు. ఆడపిల్లల కాలేజీ ప్రిన్సిపాల్ ఇందిరాదేవి మేడం గూడ వస్తది, ఇంగ్లిషుకు మనిషి కావాలంటున్నది, నీ సంగతి మాట్లాడుత.

ఆ మాట నన్ను ఎంత కదిలిచ్చిందో ఆయనకు తెలియనియ్యలే. గ్లాసు కింద పెట్టి మజ్జిగ పోసిన.

మా అత్తగారి ఊరు హుజూరాబాద్ తొవ్వల ఉంటది. మేం పట్నంల ఉన్నా భూములు అక్కడనే. ఆషాఢంల నాట్లు పడ్డప్పుడు ఎవుసం చూసే రాయమల్లు కబురు పంపితే, ఎప్పుడూ పోని నేను ఆసారి నోటుబుక్కు పట్టుకొని బస్సెక్కిన. మబ్బు పట్టి చినుకులు పడుతున్నయి. మడిల పదిహేను మంది ఆడోళ్లు వరుసగ వంగి నాటేస్తున్నరు. అందరి కన్న పెద్దది యాదవ్వ. అరవై దాటినయి. నడుము వంగిందో, నాటు కోసం వంగిందో తెలువది. పాట ఎత్తుకునేది ఆమెనే. మిగిలినోళ్లు అందుకుంటరు.

నేను ఒడ్డు మీద గొడుగేసుకొని నిలబడ్డ. చెప్పులకు బురద అంటకుండ చూసుకుంట రాయనీకి చూసిన. ఆ గొంతు ఎట్లున్నదంటే, పైకి పోదు, ఏడ్వది, నీళ్లల్ల నారు కుచ్చినట్టు ఒక్కొక్క మాట లోపలికి దిగబడుతది. మాటలు మాత్రం సరిగ్గ అందలే. ఒకటే భాష, నేను పుట్టి పెరిగిన భాష. కాని పాలు అన్న మాట, పట్టుబొంత అన్న మాట, ప్రతి చరణం చివర ఒక పేరు, అంతే తెలిసింది. నోటుబుక్కుల 'జోలపాట, చాలా మధురం' అని రాసుకున్న. రాసినంక నా రాతను నేనే చూసుకున్న. గుర్రాలు నీళ్లు తాగేదాక నిలబడ్డ ఆ కవికీ నాకూ ఏం ఫరకున్నది?

సద్దులు తినేటప్పుడు బావి గడ్డ మీద యాదవ్వ పక్కకు పోయి కూసున్న. ఆమె పరేషాన్ అయ్యి లేవబోయింది. చెయ్యి పట్టి కూసోబెట్టిన. పాట మాటలు మెల్లగ చెప్పుమన్న. నాటేసుకుంట నోటికొచ్చింది పాడుకుంటం, దాన్ల రాసుకునేందుకు ఏమున్నదని నవ్వింది. నేను విడువలే. చివరికి గొంతు తగ్గించి, పాడకుండ, మాటల లెక్క చెప్పింది.

పొద్దు పొడువక ముందె పిలుపొచ్చెనమ్మా, నా సిట్టీ
పట్టుబొంత మీద పసిదొర ఏడ్చె, నా సిట్టీ
నీ వంతు పాలన్ని నిండుగ తాపితి, నా సిట్టీ
తడిరైక తోటి నేను తండ్లాడుకొస్తి, నా సిట్టీ
మన్ను గప్పిన కాడ మల్ల పాలొచ్చె, నా సిట్టీ

సిట్టి అని నేను రాస్తున్న గని పాటల ఉన్నది ఆ పేరు కాదు. ఎందుకు రాస్తలేనో ముందుకు చెప్త.

నాల్గో చరణం దాక నా పెన్సిలు నడిచింది. ఐదో దానికి ఆగింది. సిట్టి ఎవరు యాదవ్వా అని అడిగిన. నా మొదటి బిడ్డ, దొర్సానీ అన్నది. మిరపకాయ నంజుకుంటనే చెప్పింది. పెద్ద దొర్సాని, అంటే మా అత్తమ్మ, పురిటిల ఉన్నప్పుడు పాలు రాలేదట. అప్పటికి యాదవ్వకు బిడ్డ పుట్టి ఐదు నెలలు. గడి నుంచి మనిషి వచ్చి పిలిచిండట. ఊర్ల దొరల ఇల్లు పిలిస్తే పోను అనే మాట ఎక్కడున్నది? పొద్దుగాల పోతే మాపటికి వచ్చుడు. పెరటి అర్రల కూసోబెట్టేటోళ్లు. తన బిడ్డను వెంట తేవద్దన్నరు. దానికిస్తే దొర కొడుక్కు తక్కువైతయని. ఇంటి కాడ ముసలత్త ఆ పిల్లకు గంజి తాపేది. రెండు నెలలకు పిల్లకు విరేచనాలు పట్టుకున్నయి.

"పొద్దుగాలనే పాణం పోయిందట. మా అత్త గడి కాడికి ఉరికొచ్చింది. మీ ఆయన అప్పుడే ఏడుస్తుండు. ఆయన కడుపు నిండ తాగి పండుకున్నంక చెప్పిన్రు నాకు" అన్నది యాదవ్వ.

'మీ ఆయన' అన్నది. నేను పొద్దుగాల ఇడ్లీ పెట్టి, అంగీ ఇస్త్రీ చేసి కాలేజీకి పంపిచ్చిన మనిషి. ఆయనకు ఈ సంగతి తెలుసా అని అడిగిన. పాలు తాగే పిలగానికి ఏమెరుక అన్నది. ఆమె గొంతుల కోపం దొరుకుతదేమోనని వెతుక్కున్న. ఉంటే నేను తట్టుకుందును. లేదు. చేతులు కడుక్కొని లేచుకుంట మాత్రం, నా చేతిల బుక్కును చూసి ఆగింది.

"రాసుకున్నవు. మంచిదే. నా బిడ్డ పేరు మాత్రం పదిమందిల చెప్పకు. మడిల మా ఆడోళ్ల నడుమ అంటే వేరు. ఇంకొకటి, గిది పెద్ద దొర్సానికి సదివి ఇనిపియ్యకు. ముసలామె, పరేషాన్ అయితది."

మాటిచ్చిన. ఆమె ఇప్పుడు లేదు. అయినా ఆ పేరు రాయను.

ఆ వ్యాసం రాసేందుకు నాలుగు రోజులు పట్టింది. అన్నం ఉడికేదాక ఒక పేరా, మా బిడ్డ బడి నుంచి వచ్చేదాక ఒక పేరా. తొవ్వ మీద నిలబడ్డోనికి పాట వినే తీరికుంటది, పొలంల ఉన్నామెకు పాట ఆపే తీరిక గూడ ఉండదు అని రాసిన. అర్థం కాకపోవుడు అందం కాదు, అది వినేటోనికి ఉన్న సౌకర్యం అని రాసిన. మాటలు తెలువకుంటనే చల్లగున్నది అని కవి అన్నడు గదా, మరి ఆ మాటలల్ల ఆయన తాగిన నీళ్ల సంగతే ఉంటే? ఆయన ఇంటి సంగతే ఉంటే? చివరి రెండు పేజీలల్ల యాదవ్వ పాట, పేరు లేకుండ, ఊరు లేకుండ, ఒక తల్లి ఒక దొర బిడ్డకు పాలిచ్చిన సంగతి రాసిన. నేను రాసిన వాటిల్ల నిజమైంది అదొక్కటే అనిపిచ్చింది.

ఆయన చదువుతుంటే తలుపు కాడ నిలబడ్డ. చివరి పేజీలకొచ్చి, ఇదెవరి ముచ్చట అని అడిగిండు. చెప్పిన. మీదే అన్న. ఆయన కండ్లద్దాలు తీసి చేతుల పట్టుకొని కిటికీ దిక్కు చూసిండు. ఆయన ముఖం ఎన్నడూ లేనట్టుగ మెత్తబడ్డది. నేను దగ్గరికి పోయి భుజం మీద చెయ్యేద్దామనుకున్న. అంతల అద్దాలు పెట్టుకొని ఎర్ర పెన్ను తీసిండు.

"మనింటి ముచ్చట సభల ఎందుకు? నన్ను గన్న అవ్వ బతికే ఉన్నది. పాట గొప్పతనం మీద ఉంచు, చాలు" అని ఆ రెండు పేజీల మీద అడ్డంగ గీత కొట్టిండు. సౌకర్యం అన్న మాట కొట్టేసిండు. తీరిక అన్న వాక్యం ఉంచిండు. అది బాగున్నదన్నడు.

గీత కొట్టినంక ఊకున్నా బాగుండు. ఆమెకు మనం ఏమన్న చెయ్యాలె సరళా అన్నడు. సదస్సుకు పిలిపిద్దాం, స్టేజీ మీద పాడిపిద్దాం, శాలువా కప్పుదాం, ఇన్నేండ్లల్ల ఆ ముసల్దాన్ని ఎవలన్న గౌరవిచ్చిన్రా? ఆయన మనసు పూర్తిగనే అన్నడు. అదే నాకు కష్టమైంది. చెడ్డగ అంటే కాదనేందుకు నోరొస్తుండె. ఆమె పాడది, అది సభల పాడే పాట కాదు, నేను మాటిచ్చిన అన్న. పేరు చెప్పొద్దన్నది గదా, పేరు ఎవరు చెప్తున్నరు అన్నడు. నాకు ఇంకా ఏదో చెప్పాల్నని ఉండె. పొయ్యి మీద పాలు పొంగినయి. ఉరికిన.

సదస్సు రోజు హాలు నిండింది. నేను ఆడోళ్ల వరుసల వెనక కూసున్న. ఆయన తెల్లంగి, మడత నలగని ప్యాంటు, గొంతు సవరిచ్చుకొని చదువుతుంటే నా వాక్యాలు ఒక్కొక్కటి మైకుల నుంచి వస్తున్నయి. కొన్నింటిని నేను ఏ పూట రాసిన్నో, అప్పుడు పొయ్యి మీద ఏమున్నదో గూడ యాదికొచ్చింది. కొట్టేసిన చోట్ల అతుకు కనబడుతదేమో అనుకున్న. ఎవరికీ కనబడలే. ముందు వరుసల ప్రొఫెసర్లు తలలూపుతున్నరు. చివరికి ఆయన, ఇప్పుడు మీరు వినబోయే పాటకు మాటలతోని పని లేదు, కండ్లు మూసుకొని వినండి చాలు అన్నడు.

యాదవ్వను రాయమల్లు పట్టుకొచ్చిండు. ఉతికిన చీరె, నూనె రాసి దువ్విన తల. మైకు ముందట నిలబడి హాలంత వెతికింది. నేను కనబడ్డంక వెతుకుడు ఆపింది. నా దిక్కే చూసుకుంట ఎత్తుకున్నది.

పొద్దు పొడువక ముందె పిలుపొచ్చెనమ్మా.

చరణం చివర పేరు రావాలె. రాలే. యాదవ్వ పెదవులు మూసుకున్నది. ఆ పేరంత సేపు ఆగి, రెండో చరణం ఎత్తుకున్నది. పట్టుబొంత మీద పసిదొర ఏడ్చె. మళ్ల పెదవులు మూసుకున్నది. ముందు వరుసల ఎవరో ఆ ఖాళీని తాళం అనుకున్నరు. చప్పట్లు కొట్టిన్రు. మూడో చరణానికి హాలు మొత్తం అందుకున్నది. నీ వంతు పాలన్ని నిండుగ తాపితి, చప్పట్లు. తడిరైక తోటి నేను తండ్లాడుకొస్తి, చప్పట్లు. ఆ బిడ్డ పేరు రావాల్సిన ప్రతి చోట మూడు వందల మంది చప్పట్లు. స్టేజీ మీద మా ఆయన గూడ కొడుతున్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు మెరుస్తున్నయి. నేను లేచి ఆపుమని అరుద్దామనుకున్న. నిజంగ అనుకున్న. ముందటి కుర్చీ వీపు పట్టుకున్న గూడ. కాని మా ఇంటి మర్యాద, ఆయన ముఖం, ఇందిరాదేవి మేడం, బిడ్డ బడి, అన్నీ ఒక్కసారే మీద కూసున్నయి. చివరి చరణం అయిపోయేదాక కుర్చీ పట్టుకొనే ఉన్న.

తర్వాత చాయ దగ్గర ఇందిరాదేవి మేడం మా ఆయనతోని, ఆ తీరిక గురించి చెప్పిన మాట చాలా బాగుందండి, ఆడవాళ్ల సంగతి మగవాళ్లు ఇట్ల ఆలోచించుడు అరుదు అన్నది. నా దిక్కు తిరిగి, మీరేం చేస్తరమ్మా అని అడిగింది. నేను నోరు తెరిచిన.

"ఇంట్లనే ఉంటది మేడం, మా అవ్వను చూసుకోవాలె గదా" అన్నడు ఆయన.

మేడం మంచిదమ్మా అని నవ్వి, ఇంకెవరో పిలిస్తే పోయింది. నా సంగతి మాట్లాడిన్రా అని మూడు రోజుల తర్వాత అడిగితే, ఆ గడబిడల మర్చిపోయిన, వచ్చే ఏడాది చూద్దాం తీయ్ అన్నడు.

యాదవ్వ హాలు బయట మెట్ల మీద శాలువా మడిచి ఒళ్లె పెట్టుకొని రాయమల్లు కోసం చూస్తుండె. పోయి పక్కన నిలబడ్డ. క్షమించమనే మాట మా ఇండ్లల్ల మేం వాళ్లతోని ఎన్నడు అన్నం గనుక?

"నువ్వు రమ్మన్నవంటే వచ్చిన దొర్సాని. రాయమల్లు గట్లనే చెప్పిండు, చిన్న దొర్సాని నీ పాట వింటదట అని. లేకుంటే రాకపోదును" అన్నది.

నేను రమ్మనలేదు అని చెప్పొచ్చు. చెప్తే నా బరువు దిగుతది, ఆమె బరువు పెరుగుతది. పాడినంత సేపు నేనొక్కదాన్ని అయినా తన కోసం వింటున్న అనుకున్నది గదా. తలూపిన. బస్సు వచ్చింది. ఎక్కింది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ వరండల మంచం మీద కూసొని ఉన్నది. మోకాళ్ల నొప్పులతోని సదస్సుకు రాలే. యాదవ్వ ఏం పాడింది అని అడిగింది. ఏదో నాట్ల పాట అన్న. ఏ పాట అని మళ్ల అడిగింది. నేను జవాబు చెప్పకుండ చీరె మార్చుకునేందుకు పోబోతుంటే, బిడ్డ పాటనా అన్నది.

ఆగిపోయిన. ఆ పాట ఊర్ల అందరికీ ఎరుకనే, నాకెరుక లేదనుకున్నవా అన్నది. ఊర్ల ఉన్నన్నేండ్లు ప్రతి నాట్లకు కిటికీ మూసుకొని వినేదట. సభల ఎవలన్న ఏడ్సిన్రా అని అడిగింది. చప్పట్లు కొట్టిన్రు అన్న. మోకాలు రాసుకుంట రాసుకుంట, నా దిక్కు చూడకుండనే అన్నది:

"నాకు పాలు రాలేదని ఎవలు చెప్పిన్రు నీకు? మూడో రోజుకే పడ్డయి."

నేను మంచం పట్టె మీద కూసున్న. ఆమె చెప్పుకపోయింది. అప్పటి వాళ్ల అత్త, పాలిస్తే మళ్ల కడుపు తొందరగ నిలువదు, ఈ ఇంటికి ఇంకిద్దరన్న మగపిల్లలు కావాలె అని, బట్టతోని రొమ్ములు బిగ్గ కట్టిచ్చిందట. గడ్డలు కట్టినయి. జరం వచ్చింది. ఎవరూ చూడకుండ పెరట్లకు పోయి గోడకు పిండుకునేదట. ఆ గోడకు అవతల అర్రల యాదవ్వ ఒళ్లె తన కొడుకు గుటకలు వేసే సప్పుడు వినొచ్చేదట. పాలు రాలేదని ఊర్లకు చెప్పింది గూడ ఆ అత్తనే. ఆ తర్వాత అత్తమ్మకు ఇంకొక్క కాన్పు గూడ కాలే.

మీరు ఎందుకు చెప్పలే అని అడిగిన. అడిగినంక నాకే నవ్వొచ్చింది. ఎవరికి చెప్పాలె? పొద్దుటి నుంచి నేను ఎవరికి ఏం చెప్పిన?

యాదవ్వకు చెప్పకు అన్నది అత్తమ్మ. చెప్తే నేనే చెప్త. చెప్పకుండ చావలేను అన్నది.

కార్తీకంల ఒకనాడు యాదవ్వ అనపకాయల మూటతోని వచ్చింది. ప్రతి ఏడాది తెస్తది. అత్తమ్మ ఆమెను వాకిట్ల కాదని వరండలకు పిలిచింది. కింద కూసోబోతే పీట వెయ్యమని నాకు చెప్పింది. చాయ నేను తెచ్చిచ్చిన. ఇద్దరు ముసలోళ్లు మోకాళ్ల సంగతి, వానల సంగతి మాట్లాడుకున్నరు. నేను అనపకాయలు వలుసుకుంట గడప కాడ కూసున్న. అత్తమ్మ చీరె చెంగు వేలికి చుట్టుకుంటున్నది.

యాదవ్వా, నీ బిడ్డ సంగతి నేను ఎన్నడు తియ్యలే, ఇయ్యాల నీకొక మాట చెప్పాలె అన్నది.

యాదవ్వ చాయ గ్లాసు కింద పెట్టింది. అత్తమ్మ చెప్పాలనే ఉన్నది నాకు. చెప్పొద్దనీ ఉన్నది. యాదవ్వ ముందుకు వంగి మా అత్తమ్మ పాదం మీద చెయ్యేసింది.

"ఇప్పుడెందుకు దొర్సాని అవన్ని? నువ్వేం చేస్తవు తీయ్, నీకు పాలు రాకపాయె. ఉంటే కన్నబిడ్డను ఇంకొకల ఒళ్లె ఎందుకేస్తవు? నా అసుంటి తల్లివే గదా నువ్వు. గా ఒక్క మాట అనుకునే ఇన్నేండ్లు నీ మీద కోపం పెట్టుకోకుంట బతికిన" అన్నది.

అత్తమ్మ తలెత్తి నా దిక్కు చూసింది. నేను చేతిల ఉన్న అనపకాయ వలువకుండ అట్లనే పట్టుకున్న. వాకిట్ల ఎండ ఉన్నది, మా బిడ్డ బడికి పోయింది, ఆయన కాలేజీల ఉన్నడు, ఇంట్ల మేం ముగ్గురం ఆడోళ్లమే. ఎవరూ ఆపేటోళ్లు లేరు. నేను తల అడ్డంగ ఊపిన, వద్దని.

"అవ్ యాదవ్వా, రాకపాయె" అన్నది అత్తమ్మ.